సరుకు రవాణాలో ఏ మార్గం ఎంత సురక్షితం? ప్రమాదాల ధోరణులపై చర్చ

సుధీర_లాజిస్టిక్స్ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. సరుకు పంపే మార్గాల భద్రతపై ఒక నివేదిక తయారుచేసే పనిని మా సంస్థవారు నాకు అప్పగించారు. రోడ్డు, రైలు, సముద్రం, విమానం, పైపులైన్, ఈ ఐదింటినీ ఒకే పట్టికలో పెట్టి, ఏది ఎంత సురక్షితమో అంకెల్లో చూపమన్నారు. కూర్చుని చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో కొలమానంగా ఉంది. రోడ్డు ప్రమాదాలను వాహనాలు తిరిగిన దూరానికి లెక్కిస్తున్నారు, రైల్వేలు రైలు-కిలోమీటరుకు చెబుతున్నాయి, ఓడల విషయంలో ఏడాదికి ఎన్ని పూర్తిగా నష్టపోయాయో చూస్తున్నారు, విమానాలకు పది లక్షల ప్రయాణాలను ప్రమాణంగా తీసుకుంటున్నారు, పైపులైన్లకేమో గొట్టం పొడవు లెక్క. వీటన్నిటినీ ఒక చోటికి తేవడం సాధ్యమేనా? అలాగే, మొత్తం మీద ప్రమాదాలు తగ్గుతున్నాయని చెప్పవచ్చా? మేము పంపే వాటిలో మండే స్వభావం ఉన్న ద్రావకాలు, బ్యాటరీలతో కూడిన పరికరాలు కూడా ఉంటాయి.

---

గణాంక_దృష్టి

సుధీర గారూ, ఐదు మార్గాలకూ ఉమ్మడిగా సరిపోయే కొలమానం టన్ను-కిలోమీటరు (ఒక టన్ను సరుకు ఒక కిలోమీటరు కదలడం) ఒక్కటే. కానీ దాన్ని పట్టుకుని పట్టిక నింపేస్తే పాఠకుడు తప్పుదారి పడతాడు. రెండు లక్షల టన్నుల ఖనిజంతో ఒక ఓడ పదివేల కిలోమీటర్లు వెళ్తే ఆ ఒక్క ప్రయాణంలోనే 200 కోట్ల టన్ను-కిలోమీటర్లు పోగవుతాయి. హారంలో అంత పెద్ద సంఖ్య ఉన్నప్పుడు పైన ఏది వేసినా ఫలితం దాదాపు సున్నాగానే కనిపిస్తుంది. అదే ఓడలోని ఇరవై మంది వైపునుంచి, అంటే పనిచేసే మనిషికి ఏటా ఉన్న ముప్పు ఎంత అని లెక్క వేస్తే, ఒడ్డున చేసే చాలా ఉద్యోగాలకంటే సముద్రం మీది పని ప్రమాదకరమైనదని తేలుతుంది. రెండు లెక్కలూ నిజమే. ఒకటి సమాజానికి ఎంత నష్టమో చెబుతుంది, రెండోది కార్మికుడికి ఎంత ముప్పో చెబుతుంది.

ఇక మరణించేది ఎవరన్నది మార్గాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. అమెరికాలో 2022లో భారీ ట్రక్కులతో ముడిపడిన ప్రమాదాల్లో 5,936 మంది చనిపోగా, వారిలో ప్రతి పదిమందికి దాదాపు ఏడుగురు ఎదుటి వాహనంలో ఉన్నవారు. రైళ్ల విషయంలో ఐరోపాలో ఆత్మహత్యలు మినహా నమోదయ్యే మరణాల్లో సగానికి పైగా అనుమతి లేకుండా పట్టాల మీదికి వచ్చినవారివి, ఆ తర్వాతి స్థానం లెవెల్ క్రాసింగ్ దాటేవారిది. సరుకు విమానం కూలితే, అందులోని ఇద్దరు ముగ్గురు సిబ్బందితో పాటు అది పడిన చోట నివసించేవారూ పోతారు. అందుకని మీ పట్టికలో "మరణాలు" అనే ఒకే నిలువు వరుస పెట్టవద్దని నా సూచన. సిబ్బంది, దారిలో వెళ్లే ఇతరులు, దారి పక్కన నివసించేవారు అని మూడు వరుసలు చేస్తే చిత్రం స్పష్టమవుతుంది.

---

స్టీరింగ్_వెనుక

రోడ్డు గురించి నేను చెబుతాను. ఒక రవాణా సంస్థలో డ్రైవర్ల భద్రత చూసే పనిలో చాలాకాలంగా ఉన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో అన్ని రకాల రోడ్డు ప్రమాదాల్లో కలిపి సుమారు 11.9 లక్షల మంది మరణించారు. అందులో సరుకు వాహనాల వాటా దేశాన్ని బట్టి మారినా, సరుకు రవాణా మార్గాలన్నిటిలోకీ ఎక్కువ ప్రాణాలు తీసేది రోడ్డేనన్న విషయంలో సందేహం అక్కరలేదు. కారణాల్లో అలసటకు పెద్ద స్థానం ఉంది. దానికి విరుగుడుగా ఐరోపాలో రోజుకు 9 గంటలే (వారంలో రెండు రోజులు మాత్రం 10) నడపాలని, నాలుగున్నర గంటలకు ఒకసారి 45 నిమిషాలు ఆగాలని నియమం ఉంది. అమెరికాలో 14 గంటల పని వ్యవధిలో 11 గంటలకు మించి నడపకూడదు, 2017 డిసెంబరు నుంచి ఆ గంటలను ఎలక్ట్రానిక్ పరికరమే నమోదు చేస్తుంది. కాగితం మీద రాసుకునే రోజుల్లో జరిగిన దొంగలెక్కలు దీనితో బాగా తగ్గాయి. అయితే ప్రమాదాలు ఆ మేరకు తగ్గలేదని, పైగా చిన్న సంస్థల డ్రైవర్లలో వేగ ఉల్లంఘనలు పెరిగాయని తర్వాత వచ్చిన విశ్లేషణలు చూపాయి.

ఈ పనిలో ఉన్నవారికి దీని కారణం కొత్తేమీ కాదు. గిడ్డంగి దగ్గర లోడు ఎక్కించడానికి నాలుగు గంటలు ఆలస్యమైతే, ఆ నాలుగు గంటలూ 14 గంటల్లోంచే పోతాయి. చాలాచోట్ల ఆ వేచి ఉన్న సమయానికి డబ్బు ఉండదు, కిలోమీటరుకే ఉంటుంది. పరికరం గడియారాన్ని ఆపదు కాబట్టి డ్రైవర్ మిగిలిన దూరాన్ని వేగంతో పూడ్చుకోవాలని చూస్తాడు. గంటకు 80 కిలోమీటర్ల వేగం 90 అయితే వాహనంలో ఉండే గతిశక్తి నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది, బ్రేకులు ఆ మొత్తాన్ని మింగాలి. గడియారాన్ని కట్టుదిట్టం చేసి, గిడ్డంగి వాకిట్లో జరిగే ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే ఇందులో నాకు మింగుడుపడని విషయం. మీ నివేదికలో మీ సొంత గిడ్డంగుల దగ్గర వాహనాలు సగటున ఎంతసేపు ఆగుతున్నాయో కూడా రాయండి, అది మీ చేతిలో ఉన్న అంకె.

మంచి వార్త సాంకేతికత వైపు ఉంది. ముందున్న వాహనాన్ని గుర్తించి తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థను ఐరోపాలో 2015 నవంబరు నుంచి కొత్త భారీ వాహనాలకు తప్పనిసరి చేశారు. లండన్ నగరంలో 2021 మార్చి నుంచి డ్రైవర్ సీటులోంచి పక్కనున్న మనిషి నేరుగా ఎంతవరకు కనిపిస్తాడో కొలిచి, ఆ ప్రమాణానికి తూగని భారీ లారీలు అదనపు రక్షణ పరికరాలు లేకుండా తిరగకుండా ఆంక్ష పెట్టారు. సైకిలు మీదివారు, నడిచేవారు లారీ ఎడమ, కుడి మూలల్లో కనిపించకుండా పోవడమే పట్టణాల్లో పెద్ద సమస్య కాబట్టి ఈ నియమం సరైన చోట పెట్టిన వేలు.

ద్రావకాలు పంపుతున్నామన్నారు గనుక ఒక మాట. సగం నిండిన ట్యాంకరు నిండు ట్యాంకరుకంటే నడపడానికి కష్టం. మలుపులో ద్రవం ఒక వైపుకు ఒరుగుతుంది, దానితో పాటు బరువు కేంద్రమూ జరుగుతుంది. అడ్డ గోడలు ముందువెనుకల ఊపును తగ్గిస్తాయేగాని పక్కలకు ఒరగడాన్ని అంతగా ఆపలేవు. అతిగా నింపడం ఇంకొక ప్రమాదం. స్పెయిన్‌లో 1978 జులై 11న లోస్ అల్ఫాకెస్ విడిది దగ్గర ప్రొపిలీన్ అనే మండే వాయువును ద్రవరూపంలో మోసే ట్యాంకరు పగిలి 200 మందికి పైగా మరణించిన ఘటనలో ఆ ట్యాంకులో పరిమితికి మించి సరుకు ఉంది.

---

బ్రేక్‌వ్యాన్

స్టీరింగ్_వెనుక గారు ట్యాంకర్ల ప్రస్తావన తెచ్చారు కాబట్టి రైలు వైపు నుంచి జవాబు చెప్పాలి. ప్రమాదకర ద్రవాలను రోడ్డు నుంచి రైలుకు మార్చితే ప్రమాదాల సంఖ్య తగ్గుతుందన్నది గట్టి ఆధారాలున్న మాట. కానీ జరిగినప్పుడు పరిమాణం వేరుగా ఉంటుంది.

కెనడాలోని లాక్-మెగాంటిక్ ప్రమాదం గురించి వినే ఉంటారు. 2013 జులై 5 రాత్రి ముడిచమురుతో నిండిన 72 ట్యాంకు వ్యాగన్ల రైలును ఏటవాలు పట్టా మీద నిలిపి, ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి విశ్రాంతికి వెళ్లాడు. ఏడు హ్యాండ్‌బ్రేకులు బిగించాడు. అవి పట్టుకున్నాయో లేదో చూసే పరీక్షను ఇంజిన్ల గాలి బ్రేకులు పట్టి ఉండగానే చేశాడు, అందువల్ల చాలినట్టే కనిపించింది. తర్వాత ముందు ఇంజినులో మంట వచ్చింది, అగ్నిమాపక సిబ్బంది ఇంజినును ఆపి మంటను ఆర్పారు. ఇంజిన్ ఆగడంతో గాలి బ్రేకుల్లో ఒత్తిడి మెల్లగా తగ్గింది. జులై 6 తెల్లవారకముందే రైలు తనంతట తాను కదిలి, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో ఊరి నడిబొడ్డున పట్టాలు తప్పింది. 63 ట్యాంకు వ్యాగన్లు తప్పాయి, సుమారు 60 లక్షల లీటర్ల చమురు ఒలికింది, 47 మంది చనిపోయారు. గాలి బ్రేకుల సాయం లేకుండా ఆ రైలును నిలపడానికి కనీసం 17 హ్యాండ్‌బ్రేకులు అవసరమని కెనడా రవాణా భద్రతా మండలి దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాత ప్రమాదకర సరుకు రైళ్లలో ఒకే ఉద్యోగి ఉండరాదన్నారు, పాత పలుచని ట్యాంకు వ్యాగన్లను తప్పించి మందమైన వాటిని తెచ్చారు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలస్టీన్‌లో 2023 ఫిబ్రవరి 3న జరిగింది మరో తరహా. అక్కడ ఒక చక్రం బేరింగ్ వేడెక్కి విరిగింది. పట్టాల పక్కన బేరింగ్ వేడిని కొలిచే పరికరాలు ఉన్నాయి. మొదటి దాని దగ్గర ఆ బేరింగ్ బయటి గాలికంటే 38 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువ వేడిగా ఉంది, రెండోదాని దగ్గర 103 ఎక్కువ, మూడోదాని దగ్గర 253 ఎక్కువ. రైలు తక్షణం ఆపాల్సిన హద్దు 200. రెండోదానికీ మూడోదానికీ మధ్య దూరం 30 కిలోమీటర్లకు పైగా ఉండటంతో, హెచ్చరిక వచ్చేసరికి సమయం లేకపోయింది. 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. ఎవరూ చనిపోలేదు కాబట్టి మరణాల పట్టికలో ఈ ఘటన సున్నాగా కనిపిస్తుంది. కానీ వినైల్ క్లోరైడ్ అనే విషపూరిత, మండే రసాయనమున్న వ్యాగన్లను కావాలని తగలబెట్టడం, ఆ ఊరి ప్రజలను ఖాళీ చేయించడం, తర్వాత జరిగిన శుభ్రత పని చూస్తే దాన్ని సున్నా అనడం ఎలా? ఆ తగలబెట్టడం అవసరమే లేదని దర్యాప్తు సంస్థ 2024లో తేల్చడం వేరే విషయం.

ఇక ధోరణి సంగతి. సిగ్నల్ దాటిపోయే రైలును, మితిమీరిన వేగంతో వెళ్లే రైలును తనంతట తానే ఆపే వ్యవస్థను 2008 చట్టం ప్రకారం అమెరికాలో 2020 చివరికి నిర్దేశించిన మార్గాల్లో పూర్తి చేశారు. అలాంటి రక్షణ పనిచేయని చోట ఏమవుతుందో 2023 ఫిబ్రవరి 28న గ్రీసులోని టెంపిలో కనిపించింది. ప్రయాణికుల రైలు, గూడ్సు రైలు ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చి ఢీకొని 57 మంది చనిపోయారు. ఈ తరహా మరణాలు సరుకు ఖాతాలో పడాలా, ప్రయాణికుల ఖాతాలో పడాలా అన్నది గణాంక_దృష్టి గారు చెప్పాలి.

---

కొత్త_పరిశీలకుడు

అయితే ద్రవాలకు పైపులైన్ అన్నిటికంటే మేలు కదా? లారీ లేదు, రైలు లేదు, డ్రైవరు అలసట లేదు.

---

బ్రేక్‌వ్యాన్

మరణాల లెక్కలో మేలే. కాకపోతే మీ సరుకు ఏడాది పొడవునా ఒకే చోటి నుంచి ఒకే చోటికి, భారీ పరిమాణంలో సాగితేనే పైపులైన్ వేస్తారు. రకరకాల ద్రావకాలు డ్రమ్ముల్లో పంపే సంస్థకు అది ఎంపికే కాదు.

పైపులైన్ ప్రమాదం వేరే తీరులో ఉంటుంది. భూమిలో ఉన్నది ఎవరికీ కనబడదు. బెల్జియంలోని గిస్లెంగియెన్‌లో 2004 జులైలో 24 మంది మరణించిన గ్యాసు పేలుడుకు మూలం అంతకుముందు నిర్మాణ పనుల్లో యంత్రం గొట్టాన్ని గీరడం. అమెరికాలోని మిచిగన్‌లో 2010 జులైలో చమురు గొట్టం పగిలిన తర్వాత నియంత్రణ గదిలో హెచ్చరికలు మోగుతూనే ఉన్నా, లీకును గుర్తించి ఆపడానికి 17 గంటలకు పైగా పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ చమురు తోడారు కూడా. రష్యాలోని ఉఫా దగ్గర 1989 జూన్‌లో గొట్టంలోంచి కారిన గ్యాసు లోయలో పేరుకుపోయింది, ఆ దారిన ఎదురెదురుగా వెళ్తున్న రెండు ప్రయాణికుల రైళ్ల వద్ద అది అంటుకుని 575 మంది చనిపోయారు. ఒక మార్గపు లోపం ఇంకో మార్గంలో ప్రాణాలు తీసిన సందర్భం అది.

---

నీలి_డెక్

ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి ఇప్పుడు ఒడ్డున తనిఖీలు చేస్తున్నాను. ధోరణి గురించి గట్టిగా చెప్పగల మార్గం ఏదైనా ఉంటే అది సముద్రమే.

1990ల ఆరంభంలో ప్రపంచమంతటా ఏడాదికి రెండు వందలకు పైగా పెద్ద ఓడలు పూర్తిగా నష్టపోయేవి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య ముప్పైకి అటూఇటూ ఉంటోంది, ఓడల సంఖ్య మాత్రం బాగా పెరిగింది. ట్యాంకరు ఓడల నుంచి ఏడు టన్నులకు మించి చమురు ఒలికిన సందర్భాలు 1970లలో ఏటా సగటున 79 దాకా ఉంటే, 2010లలో ఆరుకు దిగాయి. ఇది ఊరికే జరగలేదు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకరు ఓడ నుంచి చమురు ఒలికిన ఘటన తర్వాత రెండు పొట్టల (బయటి గోడ లోపల మరో గోడ ఉన్న) ట్యాంకర్లు వచ్చాయి. 1982 నుంచి ఐరోపా రేవులు కలిసికట్టుగా విదేశీ ఓడలను తనిఖీ చేసి, లోపాలున్నవాటిని నిలిపేయడం మొదలుపెట్టాయి. 1998 నుంచి సంస్థ యాజమాన్యాన్నే భద్రతకు బాధ్యుల్ని చేసే అంతర్జాతీయ నియమావళి అమలులోకి వచ్చింది.

అయినా ఒక రకం మరణం మాత్రం ఆగి ఆగి తిరిగి వస్తూనే ఉంది. నికెల్ ఖనిజం, బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) వంటివి తడిగా ఉన్నప్పుడు చూడటానికి గట్టి మట్టిలాగే ఉంటాయి. ఓడ ఊపుకు, ఇంజిన్ అదురుకు రేణువుల మధ్య ఉన్న నీరు పైకి వచ్చి, సరుకు మొత్తం బురదలా ప్రవహించడం మొదలుపెడుతుంది. ఒక వైపుకు ఒరిగిన బరువు మళ్లీ తిరిగి రాదు, కొద్దిసేపట్లోనే ఓడ బోల్తా పడుతుంది. 2010 చివరి నెలల్లో నికెల్ ఖనిజం మోసుకెళ్తున్న మూడు ఓడలు వరుసగా మునిగి 44 మంది నావికులు పోయారు. 2015 జనవరి 2న బాక్సైట్‌తో వెళ్తున్న బల్క్ జూపిటర్ ఓడలో 19 మందికి ఒక్కరే బతికారు.

దీనికి ఓడ మీద చేయగల ఒక చిన్న పరీక్ష ఉంది. అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాను సగం వరకు సరుకుతో నింపి, దాదాపు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద 25 సార్లు కొట్టాలి. పైన తడి మెరిసినా, ముద్ద మెత్తబడినా లోడింగు ఆపి ప్రయోగశాలకు పంపాలి. తడి కనిపించకపోతే సరుకు మంచిదని దాని అర్థం కాదు, ఈ సగం మాటను చాలామంది మరచిపోతారు. వర్షాకాలంలో ఆరుబయట కుప్ప పోసిన ఖనిజానికి "పరిమితిలోనే తేమ ఉంది" అని కాగితం ఇచ్చి, ఓడను నిలిపితే రోజుకు ఇంత నష్టమని కెప్టెన్ మీద ఒత్తిడి తేవడాన్ని నేను కళ్లారా చూశాను. ఆ కెప్టెన్ డబ్బా తెప్పించి అందరి ముందూ కొట్టి చూపించాడు. నాలుగో వంతు దెబ్బలు పడకముందే పైన నీరు నిలిచింది, ఇక ఎవరూ మాట్లాడలేదు.

---

కార్గో_బీమా

నీలి_డెక్ గారు చెప్పిన తగ్గుదల నిజమే, కానీ బీమా వైపు నుంచి చూస్తే మాకు నిద్ర పట్టనివ్వనివి కంటైనర్ ఓడల మంటలు. 2018 మార్చిలో అరేబియా సముద్రంలో మెర్స్క్ హోనాం ఓడ మంటల్లో ఐదుగురు చనిపోయారు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ మంట ఒక కంటైనర్‌లోంచి కారిన నైట్రిక్ ఆమ్లంతో మొదలైన కథ. కారుతున్న ఆ కంటైనర్‌ను దించడానికి అంతకుముందు రెండు రేవుల్లో వీలుపడలేదు, చివరికి ఓడే మునిగి టన్నులకొద్దీ ప్లాస్టిక్ గుళికలు తీరానికి కొట్టుకువచ్చాయి. కార్లు మోసే ఓడల్లో 2022లో ఫెలిసిటీ ఏస్, 2025లో మార్నింగ్ మిడాస్ కాలి మునిగిపోయాయి.

మంటల వెనుక తరచుగా కనిపించేది తప్పుగా ప్రకటించిన సరుకు. ప్రమాదకరమని రాస్తే అదనపు రుసుము కట్టాలి, కొన్ని కంపెనీలు అసలు తీసుకోవు. అందుకని కొందరు బ్యాటరీలను "విడిభాగాలు" అనీ, బొగ్గును "గృహోపకరణాలు" అనీ రాస్తారు. అలా రాసిన పెట్టె వేడి ఇంధన ట్యాంకు పక్కకో, ఓడ కడుపులో అడుగు వరుసకో చేరుతుంది. అక్కడ అంటుకుంటే ఇరవై పైచిలుకు సిబ్బందికి దాన్ని చేరుకోవడమే గగనం. కర్రబొగ్గు మంటలు పదేపదే జరగడంతో, 2026 జనవరి నుంచి కర్రబొగ్గును ఓడల్లో మినహాయింపు లేకుండా ప్రమాదకర సరుకుగానే ప్రకటించాలన్న నిబంధన వచ్చింది.

బరువు విషయంలోనూ ఇదే కథ. రాసిన బరువు వేరు, ఉన్న బరువు వేరు కావడం వల్ల పేర్చిన వరుసలు కూలేవి. 2016 జులై 1 నుంచి తూచిన బరువు లేనిదే కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదు. సముద్రంలో పడిపోయిన కంటైనర్ల లెక్క మాత్రం ధోరణి అన్న మాటకే లొంగదు. 2020 నవంబరులో వన్ ఏపస్ అనే ఒక్క ఓడే ఒక్క తుపానులో 1,800కు పైగా పోగొట్టుకుంది. 2023లో ప్రపంచమంతటా కలిపి పోయినవి 221, ఆ మరుసటి ఏడు 576. ఎర్ర సముద్రాన్ని తప్పించుకుని ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లే ఓడలు పెరగడం ఆ పెరుగుదలకు ఒక కారణం.

---

గగన_సరుకు

సుధీర గారు బ్యాటరీలన్నారు కనుక విమానం సంగతి నేను క్లుప్తంగా చెబుతాను. 2010 సెప్టెంబరు 3న దుబాయి దగ్గర యూపీఎస్ 6, 2011 జులైలో కొరియాలోని జేజు దగ్గర ఏషియానా 991, రెండూ బోయింగ్ 747 సరుకు విమానాలే, రెండిటిలోనూ సరుకు డెక్కులో మంట పుట్టింది, రెండిటిలోనూ లిథియం బ్యాటరీలున్నాయి. పెద్ద సరుకు విమానాల ప్రధాన డెక్కులో మంట వస్తే సాధారణంగా మంటలార్పే వాయువు ఉండదు, గాలి ఒత్తిడి తగ్గించి ఆక్సిజన్ అందకుండా చేయడమే పద్ధతి. వేడెక్కిన లిథియం సెల్లు తన వేడితోనే పక్క సెల్లును అంటిస్తుంది కాబట్టి ఆ పద్ధతి దానికి చాలదు. 2016 ఏప్రిల్ నుంచి విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధం, సరుకు విమానాల్లోనైతే 30 శాతానికి మించి ఛార్జి ఉండకూడదు. ఛార్జి తగ్గే కొద్దీ సెల్లు అంటుకునే తీవ్రత తగ్గుతుందన్నది దీని వెనుక ఉన్న సూత్రం. మీ నివేదికకు ఈ ఒక్క అంకె చాలా విలువైనది.

సరుకు కట్టడం గురించి కూడా రాయండి. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రాం నుంచి లేచిన 747లో కనీసం ఒక భారీ సైనిక వాహనం కట్లు తెంచుకుని వెనక్కి జారి తోక నియంత్రణను దెబ్బతీసింది. ఏడుగురు పోయారు. అలసట విషయంలోనూ వివక్ష ఉంది. అమెరికాలో 2014లో వచ్చిన కొత్త విశ్రాంతి నియమాలు ప్రయాణికుల విమానాల పైలట్లకే తప్పనిసరి, సరుకు పైలట్లను మినహాయించారు. రాత్రంతా నడిపేది ఎక్కువగా వాళ్లే కావడం విడ్డూరం.

నేలమీద ఉన్నవారి మాట గణాంక_దృష్టి గారు ముందే అన్నారు. 2017 జనవరిలో కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్ దగ్గర 747 కూలినప్పుడు నలుగురు సిబ్బందితో పాటు ఇళ్లలో ఉన్న 35 మంది మరణించారు. 2025 నవంబరు 4న అమెరికాలోని లూయీవిల్‌లో ఎండీ-11 రకం సరుకు విమానం రెక్క నుంచి ఇంజిన్ ఊడిపోయి కూలింది. ముగ్గురు సిబ్బంది, నేలమీద పదిమందికి పైగా పోయారు. ప్రయాణికుల సేవ నుంచి తప్పుకున్న పాత విమానాలు సరుకు విమానాలుగా మారడం సాధారణం కాబట్టి వయసు ఇక్కడ ముఖ్యమైన అంశం.

---

సుధీర_లాజిస్టిక్స్

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా సందేహం ఇది. ఒక్క ఏడాదిలో ఒక్క ఘటన వల్ల అంకె ఎగిరిపడే చోట "తగ్గుతోంది" అనడం ఎలా?

---

గణాంక_దృష్టి

అరుదైన ఘటనలకు వార్షిక సగటు పనికిరాదు. పదేళ్ల వెడల్పున్న కిటికీ తీసుకుని, చిన్న ఘటనలను ఒక పట్టికలోనూ, పదిమందికి పైగా పోయిన లేదా ఊరు ఖాళీ చేయించిన ఘటనలను వేరొక పట్టికలోనూ చూపండి. మొదటి పట్టికలో చాలా మార్గాల్లో తగ్గుదల కనిపిస్తుంది. రెండోదానిలో నేనైతే ధోరణి గీత గీయను, ఘటనలను వరుసగా రాసి కారణం పక్కన పెడతాను.

బ్రేక్‌వ్యాన్ గారి ప్రశ్నకు: టెంపి మరణాలు రెండు ఖాతాల్లోనూ కనిపించాలి, మొత్తంలో మాత్రం ఒకేసారి చేరాలి. అంతకంటే పెద్ద చిక్కు ఏ ఖాతాలోనూ పడనివి. 2015 ఆగస్టులో తియాంజిన్ రేవు గిడ్డంగి పేలుడులో ఆచూకీ తెలియనివారితో కలిపి 173 మంది పోయారు. 2020 ఆగస్టులో బేరూత్‌లో పేలిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల కిందట ఓడలో వచ్చి రేవులోనే ఉండిపోయిన సరుకు. రోడ్డు, రైలు, ఓడ గణాంకాలు ఏవి తిరగేసినా ఇవి దొరకవు. సరుకు ఒక మార్గం నుంచి ఇంకో మార్గానికి మారే చోట ఆగినప్పుడు దాని యజమాని ఎవరో, అందులో ఏముందో తెలిసినవారు ఎవరో అస్పష్టమవుతుంది. నా దృష్టిలో మీ పట్టికలో ఆరో అడ్డువరుస ఇదే కావాలి.

---

స్టీరింగ్_వెనుక

దీన్ని ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం. రైలుకో ఓడకో మార్చినంత మాత్రాన రోడ్డు పోదు. మొదటి కొస, చివరి కొస లారీదే, మార్పిడి రెండుసార్లు పెరుగుతుంది. తక్కువ దూరాలకు రైలు భద్రమన్న వాదన నాకు ఎక్కదు. ఇంకొకటి, ప్రమాదానికి గురైన ఇంధన ట్యాంకరు దగ్గర జనం గుమిగూడటం. పాకిస్తాన్‌లోని అహ్మద్‌పుర్ షర్కియాలో 2017 జూన్‌లో 200 మందికి పైగా, సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో 2021 నవంబరులో 150 మందికి పైగా ఇలాగే పోయారు. ప్రమాదం జరగగానే పోయినవారు కొద్దిమందే, కారే ఇంధనం పట్టుకోవడానికి వచ్చినవారే ఎక్కువ. డ్రైవరుకు మీరిచ్చే శిక్షణలో బ్రేకులు, టైర్లే కాక, ప్రమాదం తర్వాత మొదటి పది నిమిషాల్లో జనాన్ని ఎంత దూరం పంపాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నవి ఉండాలి.

---

బ్రేక్‌వ్యాన్

తక్కువ దూరాల విషయంలో మీతో వాదించను. వందల కిలోమీటర్ల దూరానికి, అదీ ప్రమాదకర ద్రవాలకు, నా అభిప్రాయం మారదు. ఒక గూడ్సు రైలు మోసేదానికి వందల లారీలు కావాలి, ఆ ప్రతి లారీ ఎదురుగా వచ్చే వాహనాల మధ్య నుంచే వెళ్లాలి.

---

నీలి_డెక్

సుధీర గారూ, ఓడ అడ్డువరుసలో "మునిగిన ఓడలు" అని మాత్రమే రాయకండి. ఓడ క్షేమంగా రేవులో ఉండగానే మనుషులు పోయే మార్గం ఒకటుంది. బొగ్గు, ఇనుప తుక్కు, కలప, కొన్ని ఖనిజాలు ఓడలోని మూసిన సరుకు గదిలో ఆక్సిజన్‌ను తినేస్తాయి. నిచ్చెన దిగిన మొదటి మనిషి మాటామంతీ లేకుండా కూలబడతాడు, అతన్ని లేపుదామని దిగిన రెండోవాడూ, మూడోవాడూ అక్కడే పడిపోతారు. చనిపోయేవారిలో రక్షించబోయినవారే ఎక్కువమంది ఉండే సందర్భాలు ఇందులో మామూలు. 2015 నుంచి రెండు నెలలకోసారి దీనిపై కసరత్తు, 2016 జులై నుంచి ప్రతి ఓడలో గాలిని పరీక్షించే చేతి పరికరం తప్పనిసరి అయ్యాయి. అయినా సరుకు దించే ఒడ్డు కూలీలకు ఆ కసరత్తు ఉండదు, వాళ్లు ఓడ సిబ్బంది లెక్కలోనూ రారు.

---

సుధీర_లాజిస్టిక్స్

ఆ గడిని చేర్చాను. మా సరుకు దిగే రేవులో గదిలోకి దిగేముందు గాలి పరీక్షించిన నమోదును మేము అడిగి తెప్పించుకోవచ్చా?

---

నీలి_డెక్

అడగవచ్చు. ప్రవేశ అనుమతి పత్రం మీద ఆక్సిజన్ శాతం, పరీక్షించిన సమయం, పరీక్షించినవారి సంతకం ఉంటాయి. ఆక్సిజన్ 21 శాతం దగ్గర లేకపోతే ఎవరూ దిగకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల కొలిచారా అని ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే మూత తెరవగానే పై భాగానికి గాలి వచ్చేస్తుంది, అడుగున మాత్రం అలాగే ఉంటుంది.